నేల రుచి



ఈ సాయంకాలము నేను మాటలాడదలచిన విషయము ఫ్రాన్సు దేశపు పడమటి తీరమున పుట్టెడి యొక తెల్లని ద్రాక్షాసవమును గూర్చినది. ఈ మాట వినగానే రచ్చబండమీద గూర్చున్న పెద్దలు కొందఱు మొగము చిట్లింతురని నేనెఱుగుదును. "ఊరిలో నున్న కల్లుపాకలు చాలవా? సముద్రముల కావలి త్రాగుడు ముచ్చటగూడ రేడియోలో వినవలెనా?" యని యడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. త్రాగుడువలన చెడిన కుటుంబములలో మాదియు నొకటి. కావున త్రాగుడని చెప్పుటకు నేను రాలేదు. ప్రతి నేలకును తనదైన రుచి యొకటి యుండును. ఆ రుచి నెఱిగి దానికొక పేరుపెట్టి కాపాడుకొన్న జనులున్నారు, పోగొట్టుకొన్న జనులును ఉన్నారు. ఈ రెండు తెగలవారిని నేను కన్నులార చూచితిని. ఆ సంగతి విన్నవించుటకే వచ్చితిని.

మాది గాజువాక ప్రాంతము. వాక యనగా ఏఱు. ఊరిపేరులోనే నీరున్నది. ఈనాడు గాజువాక యన్నచో వినువారికి ఉక్కు కర్మాగారము, లారీల బారులు, ఓడరేవులు జ్ఞప్తికి వచ్చును. 2005వ సంవత్సరమున అది విశాఖ మహానగరములో కలిసిపోయినది. నా బాల్యమున నది పల్లెల గుంపు. తూర్పున యారాడకొండ, దాని కావల సముద్రము; చెఱువుల క్రింద వరి, మెట్టమీద గంటెలు, చోళ్లు; గట్లమీద నెక్కడ చూచినను తాటిచెట్లు. ముంజలు వేసవిలో, పండ్లు శ్రావణ భాద్రపదములలో, తేగలు సంక్రాంతికి, ఆకులు ఇంటికప్పునకు, మట్టలు దడికి. తాటిచెట్టునకు పారవేయదగిన భాగ మొక్కటియు లేదని మా పెద్దలనెడివారు.

మా తండ్రికి ఏడు తాటిచెట్లుండెడివి. మాఘము మొదలు వేసవి ముగియువఱకు గీతవృత్తివాడొకడు తెల్లవారుజామున వచ్చి, మోకు తగిలించుకొని, కత్తి నడుమున దోపుకొని చెట్టెక్కెడివాడు. మేము పిల్లలము వానిని మామా యని పిలిచెడివారము. గెల కొనను పలుచగా చెక్కి, దానిక్రింద కుండ కట్టుట వాని పని. ఆ కుండలు రెండు రకములు. లోపల సున్నము పూసిన కుండలో దిగిన నీరు తీయనై యుండును. దానినే నీరా యందురు. కాచినచో తాటిబెల్లమగును. సున్నము పూయని కుండలో దిగిన నీరు, గాలియందును కుండయందును ఉండెడి కంటికి కనబడని సూక్ష్మజీవులవలన కొన్ని గడియలలోనే పులియ నారంభించును, అది కల్లు. మఱునాటికి అది పుల్లని కాడిగా మాఱును. చెట్టొక్కటే, నీరొక్కటే, మనుష్యుని చేతివలన పంచదారయో, మత్తో, పులుపో యగుచున్నది.

మా తండ్రి కల్లు ముట్టెడివాడు కాడు. కాని తెల్లవారుజామున సున్నపు కుండలోని నీటిని ఆకుదొన్నెలో పోయించుకొని, ఒక గ్రుక్క నోట నుంచుకొని, "ఇది చెఱువుగట్టు చెట్టుది" యనియో, "ఇది ఇసుకదిబ్బ చెట్టుది" యనియో చెప్పెడివాడు. మామ నవ్వి, "అవును బాబూ" యనెడివాడు. ఎన్నడును తప్పిపోవుట నేను చూడలేదు. చెఱువుగట్టు చెట్టు నల్లని బంకనేలలో నిలిచినది. దాని నీరు చిక్కనై, తీపు నాలుకమీద నిలిచెడిది. ఇసుకదిబ్బ చెట్టు సముద్రపు గాలిని తిన్నది. దాని నీరు పలుచనై, తీపునకు వెనుక నొక చిన్న ఉప్పు జాడ యుండెడిది. ఎఱ్ఱమట్టి మెట్టమీది చెట్టు నీరు ఈ రెంటికిని నడిమిది. నాకును మా అన్నకును ఆ భేదమును నేర్పవలెనని మా తండ్రి యెంతయో ప్రయత్నించెను. అన్న త్వరగా నేర్చెను. నాకు సగమే పట్టుబడినది.

1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అను నినాదము రాష్ట్రమంతయు మ్రోగినది. అమృతరావుగారు నిరాహారదీక్ష పూనిరి. ఆ యుద్యమములో కాల్పులకు గుఱియై ప్రాణములు గోల్పోయినవారును కలరు. 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధీగారు కర్మాగారమునకు శంకుస్థాపన గావించిరి. దానికై అనేక గ్రామముల భూములు సేకరింపబడినవి. మా భూమియు నందులో నున్నది. 1992 ఆగస్టు 1వ తేదీన పి.వి. నరసింహారావుగారు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. దేశమునకు ఉక్కు వలదని నేననను. ఆ కర్మాగారముమీద బ్రదికిన వేలకొలది కుటుంబములను నేనెఱుగుదును. నా మేనల్లుళ్లే యందు కొలువు చేసిరి. నేను చెప్పదలచినది వేఱు. భూమి పోయినప్పుడు చేతికి రొక్కము వచ్చినది. భూమిని చూచుకొనుట మాకు తెలియును. రొక్కమును చూచుకొనుట తెలియదు. మా తండ్రి యా బెంగతోనే రెండేండ్లలో కాలము చేసెను. అన్న రొక్కమును సారాపాకకు మోసెను.

ఇచ్చట నొకమాట. మా యూరిలో కల్లు త్రాగువారు పూర్వమును ఉండిరి. వారిని నేను వెనుకవేసుకొని రాను. కాని కల్లుకు ఋతువు కలదు, గడియ కలదు, చెట్టు కలదు, గీచినవాని పేరు కలదు. పొద్దెక్కినచో పులిసిపోవును గనుక దానిని దాచుటయు లేదు. సారాకు ఇవి యేవియు లేవు. అది యే యూర కాచినదో, దేనినుండి కాచినదో, ఎవడు కాచినాడో త్రాగువానికి తెలియదు. తెలియవలెనని కోరడు గూడ. దానిలో రుచి వెదకువాడు లేడు, మత్తొక్కటే వెదకుదురు. తన యూరు పోగొట్టుకొన్న మా అన్నకు ఊరులేని పానీయమే తోడైనది.

నేను ఓడలలో పనికి కుదిరితిని. యంత్రములగదిలో నూనెపని. ఎన్నియో రేవులు చూచితిని. 1991వ సంవత్సరము వసంతమున మా సరకు ఓడ ఫ్రాన్సులో లువార్ అను నది సముద్రమున గలియుచోట నున్న సేంట్ నజేర్ రేవున ఆగినది. అదియు మన విశాఖవలెనే ఓడలు కట్టెడి పట్టణము. యంత్రమునకు మరమ్మతు కావలసి యుండుటచే కొన్నిదినములు నిలువవలసి వచ్చినది. రేవున పనిచేయు వృద్ధుడొకడు, తన బావగారికి ద్రాక్షతోట యున్నదని, చూడదలచినచో తీసికొనిపోయెదనని చెప్పెను. ఆదివారమునాడు నది యెగువకు నాంత్ పట్టణము దాటి వెళ్లితిమి.

ఆ నాంత్ పట్టణమునకు దక్షిణముగను ఆగ్నేయముగను సేవ్ర్, మేన్ అను రెండు చిన్నయేఱుల నడుమ ద్రాక్షతోటలు కలవు. అచ్చట పుట్టెడి తెల్లని యాసవమునకు ముస్కదె యని పేరు. ఇది విచిత్రమైన పేరు. ఊరిపేరును గాదు, ద్రాక్షజాతి పేరును గాదు. ఆ జాతిపేరు మెలన్ ద బుర్గోన్. అనగా బుర్గోన్ సీమనుండి వచ్చినదని యర్థము. అది పదునేడవ శతాబ్దిలో ఈ తీరమున నాటబడినది. 1709వ సంవత్సరపు శీతకాలము ఐరోపాఖండమున మిక్కిలి క్రూరమైనది. నదులు గడ్డకట్టినవి, ఈ సీమలోని తోటలు నశించినవి. చలికి తాళగలదని ఈ మెలన్ జాతినే అంతట తిరిగి నాటిరి. దానికి తోడు, కాచి సారాయి చేయుటకు తెల్లని ఆసవము కావలెనని డచ్చి వర్తకులు ఆ తీరమున కొనెడివారు. చూచితిరా, ఒక సీమ రుచి యని నేడు మనము చెప్పుకొనునది ఒక చలిదెబ్బవలనను, కొందఱు వర్తకుల అవసరమువలనను పుట్టినది. తరువాతి తరములు దానిని తమదిగా చేసికొన్నవి.

మేము వెళ్లినప్పుడు ఆ తోటలో శోకమే యున్నది. ఆ ఏప్రిల్ నెలలోనే మంచుదెబ్బ తగిలి, అప్పుడే చిగిర్చిన మొగ్గలన్నియు మాడిపోయినవి. ఆ తోట యజమాని డెబ్బదియేండ్ల వృద్ధుడు. ఒక తీగను వంచి, నల్లబడిన చిగుళ్లను నాకు చూపెను. రాత్రికిరాత్రి ఏటి పంట పోయినది. నాకు మా తండ్రి జ్ఞాపకము వచ్చెను. "ఇక నేమి చేసెదరు?" అని రేవు వృద్ధునిద్వారా అడిగితిని. వచ్చిరాని ఆంగ్లమున అతడు నాకు చెప్పిన యర్థమిది: తీగ చావలేదు, చిగురు మాత్రమే చచ్చినది, వేరు మాయింటిదే.

తరువాత ఆయన మమ్ము నేలమాళిగకు తీసికొనిపోయి, పీపానుండి గాజుపాత్రలో కొంచెము పోసెను. అన్నను చూచినది మొదలు నేను మత్తుపదార్థమును ముట్టరాదని నియమము పెట్టుకొంటిని. కాని ఆ దినమున ఆ పెద్దమనుష్యుని మొగము చూచి కాదనలేక నాలుక తడుపుకొన్నంత పుచ్చుకొంటిని. తీపు లేదు. పచ్చి ఉసిరికవలె చుఱుక్కున నాలుకను మేల్కొల్పెడి పులుపు. దాని వెనుక నిమ్మతొక్క వాసన. అన్నిటికిని తుదను, ఆరిపోయిన తరువాత, ఒక చిన్న ఉప్పు జాడ. పెద్దలారా, నేనచ్చట నిలిచినవాడను నిలిచినట్లే యుండిపోతిని. అది మా ఇసుకదిబ్బ చెట్టు తుదిరుచి. తీపు లేదు, చెట్టు వేఱు, దేశము వేఱు; కాని తుదను మిగిలిన జాడ అదే. ఇరువది యేండ్లు నేను మఱచిన దానిని ఆ గుక్కెడు గుర్తుచేసినది.

ఆ రుచి యెట్లు వచ్చునని అడిగితిని. అప్పుడు కొంత విన్నాను. తరువాత కొంత చదివితిని. అచ్చటి భూమి క్రింద నైసు, గ్రానైటు, గాబ్రో మొదలైన మిక్కిలి ప్రాచీనశిలలు కలవు. మన విశాఖ కొండలయందలి ఖొండలైటు శిలయు అట్టి ప్రాచీనమైన నైసుజాతిదే. రాతిని వేరు పీల్చుకొని పండులోనికి రుచిగా పంపునని సామాన్యులందురు. శాస్త్రజ్ఞులు మాత్రము అది అంత సరళముగా జరుగదని చెప్పుచున్నారు. రాతినుండి వేరు గైకొను లవణములు నాలుకకు తెలియనంత స్వల్పములు. కాని ఆ రాయి వాననీటిని ఎంత నిలుపుకొనును, ఎంత విడిచిపెట్టును, పగటి యెండను ఎంత దాచుకొని రాత్రి తిరిగి యిచ్చును అనువానిని బట్టి పండులో తీపును పులుపును ఏ పాళ్లలో నుండునో నిర్ణయమగును. సముద్రము దగ్గరయగుటచే ఎండ తీవ్రము గాక, పండు మెల్లగా పండి, పులుపు నిలిచియుండును. కోత సాధారణముగా సెప్టెంబరులో జరుగును.

ఇక మనుష్యుని చేయి. పండిన ద్రాక్షలను పిండి పులియబెట్టిన పిమ్మట, అడుగున సూక్ష్మజీవుల మడ్డి దిగును. ఇతరచోట్ల దానిని త్వరగా తీసివేయుదురు. ఈ సీమవారు శీతకాలమంతయు ఆసవమును ఆ మడ్డిమీదనే యుంచి, వసంతము వచ్చిన తరువాత కదపకుండ సీసాలకెత్తుదురు. అందువలన పలుచని ఆసవమునకు కొంత చిక్కదనమును, నాలుకమీద సన్నని చిమచిమయు గలుగును. అందులో మద్యాంశము నూటికి పండ్రెండు పాళ్ల ప్రాంతము. తీరవాసులు దానిని ఆలుచిప్పలతోను, చేపలతోను, భోజనముతోబాటు కొలదిగా పుచ్చుకొందురు. నేల, గాలి, తీగ, మడ్డి, కాలము, చేయి అను నాఱును గలిసి ఒక్కరుచి యైనవి. ఫ్రెంచివారు ఈ యాఱింటిని కలిపి ఒకేమాటతో తెఱ్వార్ అందురు. మన భాషలో నేల రుచి యన్నచో చాలునని నాకు తోచుచున్నది.

వారు దానిని కాపాడుకొన్న విధముగూడ వినుడు. ఎచ్చటనో చేసినదానికి పేరుపొందిన యూరి చీటి అంటించి అమ్మెడి మోసము అచ్చటను విస్తారముగా నుండెను. దానిని అరికట్టుటకు 1905లో మోసముల నిషేధశాసనమును, 1919లో పుట్టినచోటి పేరులనుగూర్చిన శాసనమును చేసిరి. 1935లో దానికై ప్రత్యేక సంస్థ యేర్పడినది. ఏ హద్దులలోపల, ఏ జాతి తీగతో, ఏ విధమున చేసినచో ఆ పేరు పెట్టుకొనవచ్చునో వ్రాసిపెట్టిరి. సేవ్ర్, మేన్ ఏఱుల నడిమి ముస్కదెకు 1936లో ఆ హక్కు లభించినది. అంతటితో కథ ముగియలేదు. పేరు వచ్చిన పిమ్మట ఆశ పెరిగినది. ఎక్కువ పండించి, చౌకగా అమ్మి, పలుచబఱచి, కొన్ని దశాబ్దములలో తమ పేరును తామే చెఱుపుకొనిరి. తోటలు చాలభాగము పెఱికివేయబడినవి. అప్పుడు కొందఱు కర్షకులు తిరిగి తమ గ్రామములవైపు చూచిరి. తక్కువ పండించి, మడ్డిమీద ఎక్కువకాలముంచి, గ్రామముపేరుతోనే అమ్మసాగిరి. 2011లో క్లిసోన్, గోర్జ్, ల పాలే అను మూడు గ్రామముల పేరులకు ప్రత్యేకమైన గుర్తింపు లభించినది. శాసనము పేరును ఇయ్యగలదు. నడతవలననే ఆ పేరు నిలుచును.

నేను ఇంటికి తిరిగి వచ్చితిని. అన్న మంచమున నున్నాడు. కాలేయము చెడినదని వైద్యులు చెప్పిరి. వదినగారు పనికి పోయి సంసారమీడ్చుచుండెను. నేను ఫ్రాన్సుదేశపు కథ చెప్పితిని. ఉప్పు జాడ సంగతి చెప్పితిని. అన్న కన్నులు తెఱచి వినెను. విని, "తమ్ముడూ, తెల్లారగట్ల తాటినీరు ఒక్కగుక్కెడు దొరుకునా?" యని యడిగెను. మా చెట్లు పోయి ఎన్నియో యేండ్లైనది. నేను సైకిలెక్కి రెండుదినములు తిరిగి, దక్షిణపు దిక్కున ఒక పల్లెలో గీతవాని పట్టుకొని, సున్నము పూసిన కుండలో నీరు దింపించి తెల్లవారకమునుపే తెచ్చితిని. చెంచాతో నోట పోసితిని. అన్న కన్నులు మూసికొని చాలసేపు నోటనుంచుకొనెను. పిమ్మట మింగి, "మంచిదే. కాని ఇది గట్టు చెట్టుది కాదు, దిబ్బ చెట్టుదీ కాదు. ఎఱ్ఱనేలది" యనెను. నేను మఱల ఆ పల్లెకు పోయి చూచితిని. ఆ చెట్టు ఎఱ్ఱమట్టి మెట్టమీదనే యున్నది.

ఏండ్లతరబడి సారా కాల్చివేసిన నాలుక అది. అయినను మా తండ్రి నేర్పినది అందులో నిలిచియున్నది. అన్న ఆ మాసము గడువకమునుపే పోయెను. ఆయనతో మా యింట ఆ విద్య గూడ పోయినది. నాకు సగమే తెలియునని మొదటనే మనవి చేసితిని గదా.

త్రాగుడును మాన్పుటకు మన సీమలో జరిగిన ప్రయత్నములు మీకు తెలిసినవే. చెన్నరాజధానిలో రాజాజీగారు 1937లో సేలము జిల్లాయందు మద్యనిషేధము నారంభించి, పిదప చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపాకను మూయించి రాష్ట్రమునకే దారి చూపిరి; 1993లో సారా నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో ఎత్తివేయబడినది. అన్న పోయిన తరువాత దూబగుంట వార్త పత్రికలో చూచి మా వదినగారు కన్నీరు పెట్టుకొనిరి. ఆ స్త్రీలు కోరినది గృహము నిలుచుటయే. నేలరుచి యను మాటను అడ్డుపెట్టుకొని ఎవరైనను త్రాగుడును సమర్థించినచో, వారు నా మాటను వినలేదనియే నా యభిప్రాయము.

అయితే తాటిచెట్టును సారాతో జమకట్టి నఱికివేయుట మఱియొక తప్పు. మహాత్ముడు మద్యమును నిషేధింపుమనిన నోటితోనే తాటిబెల్లమును గ్రామపరిశ్రమగా ప్రోత్సహింపుమనెను. గీతవృత్తివానికి బ్రదుకుతెఱువు కావలెను, చెట్టు నిలువవలెను, మత్తు పోవలెను. ఈ మూడింటికిని సున్నము పూసిన కుండయే సమాధానము. రంపచోడవరము దగ్గఱ పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధనస్థానమున తాటినిగూర్చి పరిశోధనలు జరుగుచున్నవి. 2023లో హైదరాబాదున హుస్సేన్ సాగర తీరమున నీరా విక్రయించు శాలయొకటి తెఱవబడినది. నీరాను చల్లగా నిలువజేసి పులియకుండ కాపాడుట కష్టమైనను అసాధ్యము గాదు.

పేరును కాపాడుకొను శాసనము మనకును కలదు. 1999లో పార్లమెంటు భౌగోళిక సూచికల చట్టమును చేసెను. 2003లో నది అమలులోనికి వచ్చెను. డార్జిలింగు తేయాకు 2004లో మొట్టమొదట ఆ గుర్తింపు పొందినది. మన తిరుపతి లడ్డూకు 2009లోను, బనగానపల్లె మామిడికిని, మన పొరుగుననే వరాహనది యొడ్డున అంకుడుకఱ్ఱతో చేయు ఏటికొప్పాక బొమ్మలకును 2017లోను, ఆత్రేయపురపు పూతరేకులకు 2023లోను అది లభించినది. ఆ గుర్తింపు ఒక్క వ్యక్తిసొత్తు గాదు. చేయువారందఱి సంఘమునకు చెందును. పదియేండ్లకొకసారి దానిని పునరుద్ధరించుకొనవలెను. నేలకును వస్తువుయొక్క గుణమునకును గల సంబంధమేమో వ్రాసి చూపవలెను. అనగా, తెలిసినవాడుండవలెను.

మన మన్యమున అరకులోయ కాఫీ కథ మీకు సంతోషము కలిగించును. కొండచరియలమీద మిరియపు తీగలు ప్రాకిన చెట్లనీడన గిరిజనులు పండించు ఆ కాఫీకి 2019లో భౌగోళిక సూచిక లభించినది. అంతకు రెండేండ్లు ముందే, 2017లో, ప్యారిసు నగరమున అరకు పేరుతోనే ఒక కాఫీదుకాణము తెఱవబడినది. తమ గ్రామము పేరులేనిదే సీసాను గౌరవింపని ఫ్రెంచివారు మన కొండయూరి పేరును పలికి కాఫీ పుచ్చుకొనుచున్నారు. 1757లో ఫ్రెంచివారి సేనాని బుస్సీ బొబ్బిలి యుద్ధమునకు తరువాత విశాఖపట్టణమునకు వచ్చి కోటను పట్టుకొనెను. ఆనాడు వారు ఫిరంగులతో వచ్చిరి. ఈనాడు మన గిరిజనుల కాఫీ ఫిరంగి లేకయే వారి రాజధానిలో ప్రవేశించినది.

పెద్దలారా, మీ గ్రామముల విషయము నాకు తెలియదు. కాని మీ యూరి యేదో యొక బావినీరు పప్పు త్వరగా ఉడికించును. ఏదో యొక మడిలోని బియ్యము పాయసమునకు పేరుపడినది. ఏదో యొక తోపు మామిడి ఊరగాయకు తప్ప పనికిరాదు; మఱియొక తోపుది రసమునకే తగును. ఏ గట్టు చెఱకు బెల్లము గట్టిపడునో, ఏ గట్టుది జారిపోవునో మీకు తెలియును. ఈ విషయము ఏ పుస్తకమునందును లేదు. మీ నాలుకలయందున్నది. మీరు మీ మనుమలకు పొలము పత్రములను చూపుచున్నారు, సర్వేసంఖ్యలు చెప్పుచున్నారు, మంచిదే. దానితోబాటు పిల్లవానిని పొలమునకు తీసికొనిపోయి, కన్నులు మూసికొమ్మని చెప్పి, రెండు చెట్ల పండ్లు రుచిచూపి, భేదము చెప్పుమని యడుగుడు. తప్పు చెప్పినచో మఱల చూపుడు. తెలిసినదానిని ఒక నోటుపుస్తకమున వ్రాయించి యుంచుడు. రేపు భూమి చేయి మాఱినను, ఆ విద్య కొంతవఱకైనను నిలుచును. భూమి నిలిచినచో, దానికి విలువయు పేరును తెచ్చునది ఆ విద్యయే.

ఈనాడు మా యింటి పెరటిలో తాటిచెట్టొకటి కలదు. అన్న పోయిన యేడు నేనే టెంక పాతితిని. తాడి యెదిగి గెల వేయుటకు పదునైదు ఇరువది యేండ్లు పట్టును. నాటినవాడు తినడని అందుకే అందురు. నేను బ్రదికియుండి ముంజలు తింటిని; అది నా భాగ్యము. ఏటేటా మాఘమాసమున గీతవాడొకడు వచ్చి సున్నపు కుండ కట్టిపోవును. నా మనుమరాలు తొమ్మిదేండ్లది. క్రిందటి సంవత్సరము దానికి రెండు దొన్నెలలో నీరు పోసి యిచ్చితిని. ఒకటి మా పెరటి చెట్టుది, మఱియొకటి భీమిలివైపునుండి తెప్పించినది. అది రెంటిని చప్పరించి, పెరటి చెట్టు దొన్నెను చేతబట్టి, "తాతా, ఇది మనది" యనెను. దాని మాట నిజమో, ఊహయో నాకు తెలియదు. ఈ యేడు మఱల అడిగెదను.